సుంకి ఘాట్‌లో గాలి బరువు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం నుంచి ఒక అబ్బాయి అడిగాడు: "మాస్టారూ, నాది హోండా సిటీ, 1.5 లీటర్ పెట్రోల్, 121 హార్స్‌పవర్. మా బావది పోలో, 1.0 లీటర్ టర్బో, 110 హార్స్‌పవర్. విజయనగరం నుంచి వచ్చేటప్పుడు సాలూరు దాకా నేనే ముందుంటాను. సుంకి ఘాట్ మొదలైందో లేదో, ఆయన నన్ను దాటుకుని వెళ్లిపోతాడు. నా బండిలో ఏమైనా తేడా ఉందా, లేక టర్బోయే గొప్పదా?"

బాబూ, నీ బండిలో ఏ తేడా లేదు. లారీలు తిరిగే ఘాట్‌లో పందాలు మాత్రం వద్దు, అది ముందే చెబుతున్నాను. నీ ప్రశ్న మాత్రం నాకు భలే నచ్చింది. ఫెరారీ, పోర్షే అంటే పడిచచ్చేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నది సరిగ్గా దీని గురించే. తనంతట తాను గాలి పీల్చుకునే నేచురల్లీ ఆస్పిరేటెడ్ (ఎన్‌ఏ) ఇంజన్ మంచిదా, గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఇంజన్ మంచిదా? వాళ్లలో చాలామంది మైదానాల్లో కూర్చుని వాదిస్తారు. మనకు కొరాపుట్ కొండలున్నాయి. ఈ వాదనకు మన దగ్గర ఉన్నంత మంచి ప్రయోగశాల ఇంకెక్కడుంది?

నాలుగు స్ట్రోకులు, పిస్టను, స్పార్క్ ప్లగ్గు, ఇవన్నీ ఏ గ్యారేజీలో అడిగినా చెబుతారు కాబట్టి వదిలేస్తున్నాను. నా దృష్టిలో ఇంజన్ అంటే గాలి మింగే యంత్రం. పెట్రోలు ఎంత కావాలంటే అంత పంపొచ్చు, అది సమస్యే కాదు. దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లోపలికి రావడమే కష్టం. ఒక గ్రాము పెట్రోలు కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇక్కడ గ్రాములు అన్న మాట మరిచిపోకండి. లీటర్లు కాదు, గ్రాములు.

నీ సిటీ లెక్కే వేద్దాం. గరిష్ఠ బలం 6600 ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 6600 చుట్లు తిరిగేటప్పుడు వస్తుంది. రెండు చుట్లకు ఒకసారి 1.5 లీటర్ల గాలి మింగుతుంది కాబట్టి సెకనుకు 82 లీటర్ల పైమాటే. సముద్ర మట్టం దగ్గర లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. అంటే సెకనుకు 99 గ్రాములు. దాన్ని 14.7తో భాగిస్తే 6.7 గ్రాముల పెట్రోలు. గ్రాము పెట్రోల్లో దాదాపు 44 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది, మొత్తం 295 కిలోవాట్లు. అందులో చక్రాల వైపు వెళ్లేది 30 శాతం అనుకుంటే 88 కిలోవాట్లు, అంటే 120 హార్స్‌పవర్. కంపెనీ చెప్పేది 121! గాలి బరువు, పెట్రోలు వేడి తప్ప ఇంకేమీ వాడకుండా బ్రోచర్లో ఉన్న అంకె వచ్చేసింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు ఇదే బండిని కొండెక్కిద్దాం. సాలూరులో ఒక చిప్స్ ప్యాకెట్ కొని డాష్‌బోర్డు మీద పెట్టండి. పొట్టంగి దాటేసరికి అది బుగ్గలు పూరించినట్టు ఉబ్బి, అంచుల దగ్గర బిగుసుకుపోతుంది. ప్యాకెట్‌లో గాలి పెరగలేదు, బయట ఒత్తిడి తగ్గింది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సముద్ర మట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్ ఉండే గాలి ఒత్తిడి ఇక్కడ 91కి పడిపోతుంది. కాకపోతే పైన చల్లగా కూడా ఉంటుంది, చల్లగాలి కాస్త చిక్కన. రెండూ కలిపి చూస్తే గాలి బరువు ఏడెనిమిది శాతం తగ్గుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. అక్కడ తగ్గుదల 15 శాతం దాకా ఉంటుంది. ఇంజన్ అన్నే లీటర్లు మింగుతుంది, గ్రాములు మాత్రం తగ్గుతాయి. సిటీ 121 కాస్తా కొరాపుట్‌లో 111, దేవమాలి మీద 103 అవుతుంది.

బండి కొండమీద లాగకపోతే దిష్టి తగిలిందని నిమ్మకాయా మిరపకాయలూ మార్చి ఊరుకునేవాళ్లు మా సిమిలిగుడలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ కారణం కళ్లెదురుగా చిప్స్ ప్యాకెట్లో కనిపిస్తుంటే పిల్లలకు అది చూపించకపోవడం బాధగా ఉంటుంది. మన పిల్లలు ఇక్కడ ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. ఏ భాషలో చదివినా పుస్తకంలో లెక్కలన్నీ "సముద్ర మట్టం వద్ద" అనే మొదలవుతాయి. కొండమీద పుట్టి పెరిగిన పిల్లవాడు తన ఊరి గాలి ఒత్తిడి ఎంతో ఒక్కసారి కూడా లెక్కగట్టకుండానే పది పాసవుతున్నాడు.

సరే, మీ బావ పోలో దగ్గరికి వద్దాం. దాని ఇంజన్ 999 సీసీ. తనంతట తాను పీల్చుకుంటే 5500 ఆర్పీఎం దగ్గర దానికి దక్కే గాలితో, మన లెక్క ప్రకారం, 70 హార్స్‌పవర్ కూడా రాదు. 110 రావాలంటే బయటి గాలిని ఒకటిన్నర రెట్లకు పైగా నొక్కి పంపాలి.

కొలిమి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తిత్తి లేని కొలిమిలో బొగ్గు తనకు అందిన గాలితో ఎర్రగా కాలుతుంది, అంతే. తిత్తి ఊదితే అదే బొగ్గు తెల్లగా మండి ఇనుము మెత్తబడుతుంది. బొగ్గు మారలేదు, గాలి మారింది. అయితే తిత్తి ఊదడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి కూలి ఇవ్వాలి. ఇంజన్ తన బలంతోనే బెల్టు ద్వారా తిత్తి తిప్పుకుంటే దాన్ని సూపర్‌చార్జర్ అంటారు, అక్కడ కూలి ఇంజనే కట్టుకోవాలి. టర్బో చేసేది వేరు. కొలిమి నుంచి వృథాగా పోయే వేడిగాలి చేతే తిత్తి ఊదిస్తుంది. పెట్రోలు శక్తిలో దాదాపు మూడోవంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. టర్బో ఆ దారిలో ఒక చక్రం పెట్టి, అదే ఇరుసు రెండో కొసన గాలిని నొక్కే ఇంకో చక్రం బిగించింది. పొగ ఎక్కువైతే తిత్తి జోరు, తిత్తి జోరైతే మంట జోరు, మంట జోరైతే పొగ ఇంకా ఎక్కువ. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతే చివరికి కొలిమే పగులుతుంది కదా? అందుకే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు పెట్టారు. ఒత్తిడి చాలనిపించగానే అది తెరుచుకుని, మిగతా పొగను చక్రం మీదికి పోనివ్వకుండా పక్కదారి పట్టిస్తుంది.

కొండమీద కథంతా ఈ తలుపుదే. ఇంజన్ కంప్యూటర్ అడిగేది "ఇన్ని కిలోపాస్కల్స్ కావాలి" అని, "బయటి గాలికి ఇన్ని రెట్లు" అని కాదు. 170 కావాలి అనుకుందాం. సాలూరు కింద మైదానంలో బయటి గాలిని 1.7 రెట్లు నొక్కితే చాలు, తలుపు తొందరగా తెరుచుకుంటుంది. కొరాపుట్‌లో దాదాపు 1.9 రెట్లు, దేవమాలి మీద 2 రెట్ల పైన నొక్కాలి. అందుకని తలుపు ఇంకాస్త సేపు మూసే ఉంటుంది, చక్రం ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, సిలిండర్లోకి వెళ్లే గాలి బరువు దాదాపు అంతే ఉంటుంది. మైదానంలో వాడకుండా దాచుకున్న బలాన్ని కొండమీద వాడుకుంటుందన్నమాట. సిటీ 111కి దిగిపోతే పోలో 110 దగ్గరే నిలబడుతుంది. కొరాపుట్ చేరేసరికి మీ రెండు బళ్లూ సమానం. దేవమాలి ఎక్కితే 1.0 లీటర్ బండిదే పైచేయి.

అయినా సుంకి మలుపుల్లో నిన్ను వెనక్కి నెట్టింది ప్రధానంగా ఇది కాదు, టార్క్, అంటే ఇరుసును తిప్పే పట్టు. పోలోకి 175 న్యూటన్ మీటర్లు 1750 ఆర్పీఎం నుంచే అందుతాయి. సిటీకి గరిష్ఠం 145, అదీ 4300 దగ్గర. హెయిర్‌పిన్ మలుపు తిరిగి 2000 ఆర్పీఎంతో బయటికి వచ్చావనుకో. ఆ క్షణంలో పోలో దగ్గర 50 హార్స్‌పవర్ ఉంటుంది. నీ దగ్గర పూర్తి 145 అక్కడే దొరికిందనుకున్నా 41 దాటదు, నిజానికి అంతకంటే తక్కువే. నువ్వు మూడో గేరులో ఎక్సలేటర్ తొక్కుతూ పికప్ లేదని తిట్టుకుంటుంటే మీ బావ వెళ్లిపోతాడు. రెండో గేరుకి దించి, ఇంజన్‌ని 4300 పైన ఉంచితే నీ బండికీ ప్రాణం లేచొస్తుంది. ఇంజన్ అరుస్తోందని భయపడకు. ఎన్‌ఏ ఇంజన్ బలమంతా ఎక్కువ చుట్లలోనే ఉంది.

మొదటి టర్బోలు కూడా ఇలాంటి కొండమీదే నెగ్గాయి. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ అనే 12 సిలిండర్ల విమానం ఇంజన్‌ని ట్రక్కు మీద కట్టి, 4,300 మీటర్ల పైక్స్ పీక్ శిఖరానికి తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ పైన 230 ఇచ్చింది. టర్బో తగిలిస్తే 356! ఆ ఎత్తులో గాలి సాంద్రత కింద ఉన్నదాంట్లో 65 శాతం. 350లో 65 శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి, 227 వస్తుంది. మాస్ పనిచేసిన జనరల్ ఎలక్ట్రిక్‌కి టర్బోల్లో ఉన్న ఈ అనుభవం చూసే 1941లో బ్రిటన్ జెట్ ఇంజన్‌ని అమెరికాలో తయారుచేసే పని అప్పగించారు. జెట్ ఇంజన్‌లోనూ ఒకే ఇరుసు మీద గాలి నొక్కే చక్రం, పొగకు తిరిగే చక్రం ఉంటాయి, మధ్యలో పిస్టన్ల బదులు మంట ఉంటుంది. సునాబెడలోని హాల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీలో మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు మన చుట్టుపక్కల ఎంతమందో ఉన్నారు. మీ పిల్లలు టర్బో అంటే ఏంటని అడిగితే వాళ్ల దగ్గరికి పంపండి. బ్లేడు ఎందుకు వంకరగా ఉంటుందో వాళ్లు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు.

ఇన్ని మంచి గుణాలున్నా స్పోర్ట్స్ కారు మనుషులు ఎన్‌ఏ కోసం ఎందుకు కొట్టుకుంటారు? మొదటి కారణం వేడి. 30 డిగ్రీల గాలిని 1.7 రెట్లు నొక్కితే అది వంద డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచన, పైగా సిలిండర్లో పెట్రోలు వేళకాని వేళ అంటుకునేలా చేస్తుంది, దాన్నే నాకింగ్ అంటాం. అందుకే ఇంటర్‌కూలర్ పెట్టి చల్లారుస్తారు.

రెండో కారణం అసలైనది, ల్యాగ్. ఎన్‌ఏ ఇంజన్లో ఎక్సలేటర్ తొక్కగానే గాలి దారి తెరుచుకుంటుంది, వెంటనే టార్క్. టర్బోలో పొగ పెరిగి, చక్రం వేగం పుంజుకుని, గాలి నొక్కబడేదాకా ఆగాలి. ఆ చక్రం నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. నాలుగు సెంటీమీటర్ల చక్రం రెండు లక్షల చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 400 మీటర్లు దాటుతుంది, శబ్దం కంటే వేగం. దాన్ని కదిలించడానికి పట్టే జడత్వం వ్యాసానికి ఐదో ఘాతంగా పెరుగుతుంది. వ్యాసం 20 శాతం తగ్గిస్తే జడత్వం మూడోవంతుకి పడిపోతుంది! చిన్న టర్బోలు చటుక్కున అందుకోవడానికి ఇదే కారణం. కానీ చిన్న చక్రం పైన ఆర్పీఎంలో గాలి చాలక అలిసిపోతుంది. పోలో 5500 దాటాక ఇక లాగకపోవడం అందుకే.

ఫెరారీ 458 గుర్తుందా? 4.5 లీటర్ల ఎన్‌ఏ, 9000 ఆర్పీఎం, 570 హార్స్‌పవర్. దాని తర్వాతి 488లో ఇంజన్ 3.9 లీటర్లకు తగ్గింది, రెండు టర్బోలతో బలం 670కి పెరిగింది. అంకెలు చూస్తే రెండోదే నెగ్గింది. అయినా మొదటిదాన్నే ప్రేమించేవాళ్లు చాలామంది, నేను వాళ్ల పక్షమే. 9000 దగ్గర ఎనిమిది సిలిండర్లు సెకనుకు 600 సార్లు పేలుతుంటాయి. టర్బో చక్రం ఆ పేలుళ్ల మధ్యలో నిలబడి వాటి అంచుల్ని అరగదీస్తుంది కాబట్టి ఆ గొంతు మూగబోతుంది. కాలి వేలు కదిపినంత మేరకే బండి కదలడం, ఆ కేక, ఈ రెండూ అంకెల్లోకి రావు. ఘాట్ ఎక్కడానికి నా ఓటు టర్బోకి, ఇష్టం మాత్రం ఎన్‌ఏ మీద.

మన లారీ డ్రైవర్లు పాటించే ఒక అలవాటు గురించి చెప్పాలి. ఘాట్ ఎక్కి ఆపిన వెంటనే ఇంజన్ ఆఫ్ చేయరు, ఓ నిమిషం ఊరికే తిరగనిస్తారు. క్లీనర్ కుర్రాళ్లు దీన్ని మొక్కుబడి అనుకుంటారు గానీ, ఇది పక్కా సైన్సు. టర్బో ఇరుసు పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఎర్రగా కాగిన చక్రం పక్కన ఆయిల్ ఒక్కసారిగా ఆగిపోతే అది మాడి బొగ్గులా గట్టిపడుతుంది. కొత్త కార్లలో టర్బోకి నీటి చల్లదనం కూడా ఉంది, అంత టెన్షన్ అక్కర్లేదు. అయినా సుంకి ఎక్కాక ఒక నిమిషం ఆగితే పోయేదేమీ లేదు.

ఇప్పుడు ల్యాగ్‌కి మందు కూడా కనిపెట్టారు, టర్బో ఇరుసు మీదే చిన్న ఎలక్ట్రిక్ మోటారు. పొగ కోసం ఆగకుండా బ్యాటరీయే చక్రాన్ని తిప్పేస్తుంది. ఫార్ములా వన్ కార్లలో 2014 నుంచి ఇది ఉండేది, 2024లో పోర్షే 911 జీటీఎస్‌లోకి వచ్చింది. తమాషా ఏంటంటే, ఫార్ములా వన్ 2026 నిబంధనల్లో ఆ మోటారును తీసేశారు. చాలా ఖరీదు, చాలా చిక్కుముడి, కొత్త కంపెనీలు భయపడుతున్నాయని. అంటే రోడ్డు మీది కారులో పోయిన ల్యాగ్ మళ్లీ రేసు కారులోకి వచ్చింది, దాన్ని కాలితో, గేరుతో దాటుకోవాల్సిన పని మళ్లీ డ్రైవరు మీద పడింది.