మీ దక్షిణ ఖండంలో ఉప్పు ఎక్కడ పండుతుంది?

చింటూకి, బుజ్జికి, మీతో కలిసి ఆ గేమ్ కోసం కొత్త ప్రపంచం తయారుచేస్తున్న మీ ఫ్రెండ్స్ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు వాట్సాప్ లో పంపిన మ్యాప్ ని నిన్న రాత్రి జూమ్ చేసి చేసి చూశాను. ఉత్తర ఖండంలో ఏడు రాజ్యాలు, ఒక్కో రాజ్యానికి ఒక జెండా, వంశాలు, యుద్ధాలు, ఎంత ఓపిగ్గా రాశారో, చాలా సంతోషం వేసింది. కిందకి వచ్చేసరికి దక్షిణ ఖండం మొత్తం ఒకే బ్రౌన్ స్కెచ్ పెన్ తో పూసేసి "ఇక్కడ చీకటి దేవుడిని కొలిచేవాళ్ళు ఉంటారు" అని ఒక్క లైన్ తో వదిలేశారు. అక్కడ మనసు చివుక్కుమంది, అందుకే ఈ ఉత్తరం.

చూడని చోటుని ఇలా పూసేయడం మీతో మొదలవలేదు లెండి. 1570లో ఓర్టీలియస్ అనే ఆయన అచ్చు వేసిన ప్రపంచ పటంలో అడుగున అంతా ఒక పెద్ద ఖండం ఉంటుంది, ఎవరూ చూడలేదు కానీ తీరాలతో సహా గీసేశారు. దాన్ని వెతుక్కుంటూ పోయిన కెప్టెన్ కుక్ 1773 జనవరిలో అంటార్కిటిక్ వలయం దాటితే ఎదురొచ్చింది మంచు. మనవాళ్ళ కథల్లో విశ్వామిత్రుడు కూడా త్రిశంకుడి కోసం కోపంతో కొత్త నక్షత్రాలు, కొత్త సప్తర్షులు సృష్టించింది దక్షిణం వైపే. కాబట్టి మీకు పెద్ద పెద్దవాళ్ళే తోడున్నారు, కానీ మీరు ఇంకా బాగా చేయగలరు.

ఒకటి ఆలోచించండి, అక్కడ పుట్టినవాళ్ళు తమది దక్షిణ ఖండం అని ఎందుకు అనుకుంటారు? తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు వచ్చేది దక్షిణం, ఆ మాటకి కుడి అనే అర్థం కూడా ఉంది. వాళ్ళకి వాళ్ళ ఊరే నడిమధ్య. ముందు వాళ్ళ నోటితో వాళ్ళ నేలకి ఒక పేరు పెట్టించండి, ఉత్తరం వాళ్ళు ఏమని పిలుస్తారన్నది తర్వాత.

మీ ప్రపంచం మన భూమి లాంటిదే అయితే భూమధ్యరేఖకి బాగా కింద ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, పాతిన కర్ర నీడ గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, డిసెంబర్ లో ఎండలు, జూన్ లో చలి. న్యూజిలాండ్ లో అక్కడి మూలవాసులైన మావోరీల కొత్త సంవత్సరం మతారికి ఆ జూన్, జూలై చలిలోనే వస్తుంది, తెల్లవారుజామున కృత్తికలు మళ్ళీ కనపడినప్పుడు. మన కార్తీక మాసానికి పేరిచ్చిన నక్షత్రాలే అవి. 2022 నుంచి అక్కడ దానికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

ఇప్పుడు గుళ్ళో ప్రదక్షిణ సంగతి చూడండి. మనం దేవుడిని కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతాం, ఏడాదిలో ఎక్కువ రోజులు మన సూర్యుడు నడిచేది కూడా అటే. మీ ఖండం వాళ్ళు సూర్యుడితో పాటు తిరగాలనుకుంటే దేవుడు ఎడమచేతి వైపుకి వస్తాడు, వాళ్ళకి అదే భక్తి. కొన్నాళ్ళకి ఉత్తరం నుంచి ఓడల్లో వచ్చిన వర్తకులు ఆ గుడికే వచ్చి తమ అలవాటు ప్రకారం తిరిగారనుకోండి, ఇరుకు ప్రాకారంలో చేతిలో దీపం పట్టుకుని ఒక ముసలావిడ ఇటు నుంచి వస్తోంది, వర్తకుడు అటు నుంచి వస్తున్నాడు, ఇద్దరూ ఎదురెదురుగా ఆగిపోయారు, దీపం కొండెక్కకుండా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరు పక్కకి తప్పుకోవాలి? మీ ఖండంలో మొదటి మత గొడవ అక్కడ పుట్టొచ్చు, దానికి చీకటి దేవుడు అక్కర్లేదు.

ఇక దేవుళ్ళ గురించి. నేను పెరిగింది చినగంజాం దగ్గర ఉప్పు మడుల పక్కన. చిన్నప్పుడు నాన్నతో పొద్దున్నే మడుల మీదకి వెళ్తే నీళ్ళ మీద పల్చటి తెల్లటి పొర కట్టి ఉండేది, వేలితో తాకితే విరిగి అడుగుకి దిగిపోయేది. ఎండ కాసి గాలి తోలితే ఉప్పు పండుతుంది, ఒక్క గట్టి వాన పడితే వారాల కష్టం మడిలోనే కరిగిపోతుంది. అవతల పొలాల్లో రైతులు వాన కోసం కప్పతల్లిని ఊరేగిస్తుంటే ఇక్కడ మావాళ్ళు మబ్బు చూసి హడలిపోయేవాళ్ళు. మీ ఖండం తీరంలో ఎండ దేవుడు, లోపల వానతల్లి ఉండొచ్చు కదా, ఇద్దరి భక్తులకీ పడదు, కానీ బియ్యం లేకుండా వీళ్ళకీ ఉప్పు లేకుండా వాళ్ళకీ ముద్ద దిగదు, అందుకని ఏడాదికోసారి పొలిమేరలో రెండు పల్లకీలూ ఎదురెదురుగా దింపుతారు, ఆ రోజు బస్తాలు మారతాయి.

భయంలోంచి కూడా దేవత వస్తుంది. మశూచి సోకితే మన ఊళ్ళల్లో "అమ్మవారు పోసింది" అని గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. 1980లో ప్రపంచంలో మశూచి లేదని ప్రకటించారు, అమ్మవారి జాతర మాత్రం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మరి మీ దేవతల్లో ఎవరి భయం తీరిపోయింది, ఆవిడ దగ్గరికి జనం ఇప్పుడు ఏం అడగడానికి వెళ్తున్నారు?

ఒక రాజ్యానికి ఒక మతం అని కూడా పెట్టకండి. మూడో శతాబ్దంలో కృష్ణా లోయలోని విజయపురిలో ఆంధ్ర ఇక్ష్వాకుల రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన సోదరి శాంతిశ్రీ అక్కడే బౌద్ధుల మహాచైత్యానికి దానాలిచ్చింది, ఒకే ఇల్లు. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది, కొన్ని కట్టడాలని కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. మీ ఖండంలో కూడా ఒక పాత నగరాన్ని నీళ్ళలో ముంచి చూడండి.

చరిత్రకి రాజుల లిస్టు కన్నా ఒక రాయి ఎక్కువ పనికొస్తుంది. మా పక్క ఊరు మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది, తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా ముందటి రాజులు లాక్కునేవాళ్ళు, మేము మామూలు సుంకం తప్ప ఏమీ ముట్టం అని. తుఫాన్లు, దూరదేశాల వర్తకులు, రాజుల ఆశ, ఒక రాజు ఇచ్చిన మాట, అన్నీ ఆ ఒక్క రాయిలో ఉన్నాయి. మీ రేవులో రాయి మీద ఏం రాసుంటుంది, ఎవరు రాయించారు, దాన్ని ఎవరు తప్పారు?

ఆ బ్రౌన్ రంగు మీద తెల్లకాగితం అంటించి, మ్యాప్ ని తలకిందులుగా తిప్పి పెట్టుకుని, దక్షిణం పైన ఉండేలా మళ్ళీ గీయండి. ఉప్పు ఎక్కడ పండుతుందో, దీపం పట్టుకున్న ఆ ముసలావిడకి ఏం పేరు పెట్టారో నాకు రాయండి. సంక్రాంతికి వస్తే మడుల మీదకి తీసుకెళ్తాను, అప్పటికి పని మొదలవుతుంది.

మీ
తాతయ్య