లెక్క చూపితేనే నిధి: ఉపకేంద్రం పోర్టల్ చేతికి వెళ్లిన కథ

పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి కేటాయించిన గ్రాంట్ల కాలపరిమితి నిండే దశకు వచ్చేసరికి, ఖర్చు కాని సొమ్ము గురించీ, సొమ్ము ఇచ్చిన పనికే ఖర్చయిందని చెప్పే వినియోగ ధ్రువపత్రాలు సమయానికి అందకపోవడం గురించీ కేంద్ర, రాష్ట్రాల మధ్య పాత వాదనే మళ్లీ మొదలైంది. యాప్‌ల భారం తగ్గించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఏఎన్‌ఎంలు (పల్లెల ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేసే నర్సులు) ఎన్నాళ్లుగానో చేస్తున్న డిమాండు కూడా దానితోపాటే ముందుకు వచ్చింది. చూడడానికి ఒకటి ఆర్థిక శాఖల తగవు, రెండోది ఉద్యోగుల ఇబ్బంది. కానీ రోగం రాకుండా చూసే పనికి ఇచ్చే డబ్బును ఏ లెక్క చూసి ఇవ్వాలన్న ప్రశ్నకు 2018-19లో కేంద్రం చెప్పిన జవాబు దగ్గరే ఈ రెండూ పుట్టాయి.

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్‌లో ఎలా మొదలైందో, ఆశా కార్యకర్తలు ఊళ్లలోకి ఎలా వచ్చారో పాఠకులకు తెలిసిందే కనుక ఆ వివరాల జోలికి వెళ్లనక్కర్లేదు. నేటి వివాదానికి సంబంధించి అందులో గుర్తుంచుకోవాల్సింది ఒక చిన్న ఏర్పాటు. ప్రతి ఉపకేంద్రానికీ ఏడాదికి 10,000 రూపాయలు షరతుల్లేని నిధిగా ఇచ్చి, దాన్ని ఏఎన్‌ఎం, సర్పంచ్ ఇద్దరి పేర్ల మీద ఉన్న ఉమ్మడి ఖాతాలో వేశారు. బ్లీచింగ్ పౌడరు కొన్నా, విరిగిన కిటికీకి తలుపు పెట్టించినా ఆ ఇద్దరి సంతకాలే ఆధారం. ఖర్చు సరిగా జరిగిందో లేదో ఊళ్లోవాళ్లకు కళ్లెదుటే తెలిసేది. ఆ పద్ధతిలో దుర్వినియోగం జరగలేదని కాదు. జరిగితే పట్టుకోగలిగిన మనిషి నడిచివచ్చేంత దూరంలోనే ఉండేవాడు.

అప్పట్లో పని లెక్క, డబ్బు లెక్క వేర్వేరు ఫైళ్లలో నడిచేవి. 2008 అక్టోబరులో మొదలైన హెచ్‌ఎంఐఎస్ అనే ఆరోగ్య సమాచార పోర్టల్‌లోకి గర్భిణుల నమోదు, కాన్పులు, టీకాలు వంటి నెలవారీ అంకెలు వెళ్లేవి. డబ్బు సంగతి ఆర్థిక పర్యవేక్షణ నివేదికలూ, వినియోగ ధ్రువపత్రాలూ చూసుకునేవి. పోర్టల్‌లో అంకె తగ్గితే జిల్లా సమీక్షలో చీవాట్లు పడేవేమో కానీ, అంతమాత్రాన రాష్ట్రానికి రావలసిన వాయిదా ఆగిపోయేది కాదు. ఈ రెండు ఫైళ్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే అసలు జబ్బు అని ఢిల్లీలో బలమైన అభిప్రాయం ఉండేది. దానికి ఆధారాలూ ఉన్నాయి. కాగ్ 2017లో ఇచ్చిన 25వ నంబరు నివేదిక ప్రకారం, 27 రాష్ట్రాల ఆరోగ్య సొసైటీల దగ్గర ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము 2011-12లో 7,375 కోట్ల రూపాయలు కాగా, 2015-16 నాటికి అది 9,509 కోట్లకు పెరిగింది. క్షేత్ర స్థాయిలో నమోదవుతున్న గణాంకాల నాణ్యతను కూడా అదే నివేదిక తప్పుపట్టింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఆ రెండు విమర్శల్లో మొదటిదాన్ని మనసుకు పట్టించుకున్నంతగా రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అసలు మలుపు 2018-19లో వచ్చింది. ఆ ఏడాది బడ్జెట్‌లో ఉపకేంద్రాలనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలనూ 1.5 లక్షల హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మారుస్తామని ప్రకటించారు. ఫిబ్రవరిలోనే నీతి ఆయోగ్ రాష్ట్రాలకు ర్యాంకులిస్తూ తొలి ఆరోగ్య సూచీని విడుదల చేసింది. ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధాని మొదటి కేంద్రాన్ని ప్రారంభించారు. ఇవన్నీ పత్రికల్లో పతాక శీర్షికలకెక్కిన సంగతులే. వాటి మధ్య పెద్దగా ఎవరి కంటా పడకుండా గ్రామీణ మిషన్‌ను కలుపుకుని ఏర్పడిన జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోకి షరతుల చట్రం ఒకటి వచ్చి కూర్చుంది. రాష్ట్రాలకిచ్చే మిషన్ నిధుల్లో 20 శాతాన్ని ప్రోత్సాహకంగానో కోతగానో లెక్కగట్టేందుకు పక్కన పెట్టారు. నీతి ఆయోగ్ ర్యాంకు, పనిచేస్తున్న వెల్‌నెస్ కేంద్రాల సంఖ్య, ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు వంటి వ్యాధుల స్క్రీనింగ్, జిల్లా ఆస్పత్రుల గ్రేడింగ్ వంటివి కొలమానాలయ్యాయి. షరతులు అంతకుముందు లేకపోలేదు. కానీ ఇంత పెద్ద వాటాను, అందులోనూ కింది సిబ్బంది నమోదు చేసే అంకెల మీద ఆధారపడిన కొలమానాలకు కట్టివేయడం కొత్త. పని ఎంత జరిగిందో తెలుసుకోవడానికి సేకరించిన డేటా ఆ రోజు నుంచి డబ్బు కోసం సమర్పించే బిల్లుగా మారిపోయింది.

కేంద్ర ఆరోగ్య శాఖ వాదన ఇలా ఉంటుంది. మిషన్ ఖర్చులో సాధారణ రాష్ట్రాలకు 60 శాతం తామే ఇస్తున్నామనీ, ఆ డబ్బుకు ఫలితం అడగడం పార్లమెంటు పట్ల తమ బాధ్యత అనీ, రాష్ట్రాలు అవగాహన ఒప్పందాల మీద సంతకాలు చేశాకే నిధులు తీసుకుంటున్నాయనీ ఆ శాఖ అంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు.

రాష్ట్రాల వాదనకూ, అంతకంటే ముఖ్యంగా ఉపకేంద్రంలో కూర్చున్న మనిషి వాదనకూ కాస్త ఎక్కువ చోటు కావాలి. ముప్పై దాటినవారి స్క్రీనింగ్‌నే తీసుకుందాం. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి ఒక ప్రశ్నావళి నింపాలి. వయసెంత, పొగ తాగుతారా, గుట్కా నములుతారా, మందు అలవాటుందా, వారానికి నూటయాభై నిమిషాలైనా ఒళ్లు వంచుతారా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నాయా అని అడిగి, టేపుతో నడుము చుట్టుకొలత తీయాలి. మొత్తం మార్కులు నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పిలవాలి. ఇంత పనికి ఫారానికి పది రూపాయలు. మిరపకోతల కాలంలో పగలంతా చేలోనే ఉండే మనిషి నడుము కొలవాలంటే పొద్దున్నే ఆరింటికైనా వెళ్లాలి, లేదా రాత్రి ఎనిమిదింటికైనా వెళ్లాలి. పోర్టల్‌లో ఫారాల సంఖ్య మాత్రం సాయంత్రం ఐదింటి సమీక్షకల్లా కనిపించాలి. ఈ రెండు గడియారాలూ కలవనప్పుడు నడుము కొలత ఎక్కడినుంచి వస్తుందో అడగకపోవడమే మర్యాద.

జిల్లా పేరు చెప్పడం అనవసరం కానీ, ఒక ఉపకేంద్రంలో చూసిన బల్ల ఇంకా కళ్లముందే ఉంది. మూల విరిగిన అద్దంతో ఒక ట్యాబ్, దాని పక్కన ఏఎన్‌ఎం సొంత ఫోను, వాటి కింద అట్టలు ఊడిన రిజిస్టర్లు. గర్భిణులకు, పిల్లలకు ఆర్‌సీహెచ్ పోర్టల్, టీకాలకు యూ-విన్, జ్వరాలకు ఐహెచ్‌ఐపీ పోర్టల్‌లో పంపే ఎస్ ఫారం, క్షయకు నిక్షయ్, బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ యాప్, ఇవి కాక హెచ్‌ఎంఐఎస్ నెలవారీ నివేదిక. కాగితం అవసరం లేకుండా ఏఎన్‌ఎం పనిని ట్యాబ్‌లోకి తెచ్చే అన్‌మోల్ యాప్‌ను 2016లో దేశంలో ముందుగా ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రవేశపెట్టారు. కాగితం పోలేదు, ట్యాబ్ వచ్చి చేరింది. ఒకే మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు నాలుగు చోట్ల నాలుగుసార్లు కొట్టాల్సి వస్తోందన్నదే ఆమె ఫిర్యాదు. పని ఎక్కువైందని ఆమె అనలేదు, ఒకే పని చాలాసార్లు చేస్తున్నానంది.

రాష్ట్రానికి పెట్టిన షరతు అక్కడితో ఆగకుండా మనిషి జీతం దాకా దిగింది. వెల్‌నెస్ కేంద్రాల్లో నియమించిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కు, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అనే ఉద్యోగికి, జాతీయ మార్గదర్శకాలు సూచించిన నెలసరి వేతనం 25,000 రూపాయలైతే, పనితీరును బట్టి ఇచ్చే ప్రోత్సాహకం 15,000 దాకా ఉంటుంది. ఆ పనితీరును తేల్చేది చాలా వరకు ఆ కేంద్రం స్వయంగా పోర్టల్‌లో పెట్టే అంకెలే. పరీక్ష రాసినవాడికే పేపరు దిద్దే పని కూడా అప్పగించి, మార్కులు తగ్గితే జీతం తగ్గిస్తామని చెప్పడం లాంటిది ఇది. పైస్థాయిలో పోర్టల్ అంకెకూ ఇంటింటి సర్వే అంకెకూ తేడా వస్తే ఆశ్చర్యపోయేవారు ఈ అమరికను ఒకసారి చూడాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంటే 2019-21లో, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో అన్ని టీకాలూ పూర్తయినవారు 76.4 శాతమని తేలింది. శాఖాపరమైన నివేదికల్లో కనిపించే శాతాలు సాధారణంగా దీనికంటే ఎక్కువే ఉంటూ వచ్చాయి.

ఈ అనుభవం మనకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పైనుంచి లక్ష్యాలు విధించే పద్ధతిని కేంద్రం 1996 ఏప్రిల్‌లో దేశమంతటా ఎత్తివేసింది. లక్ష్యం ఒత్తిడి వల్ల అంకెలు పెరుగుతున్నాయే తప్ప సేవ పెరగడం లేదన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరిన ఏఎన్‌ఎంలు కొందరు ఇటీవలి దాకా సర్వీసులోనే ఉన్నారు. ముందు గుమ్మం నుంచి పంపించిన లక్ష్యం ‘సూచిక’ అనే పేరుతో దొడ్డిదారిన తిరిగి రావడాన్ని వాళ్లు కళ్లారా చూశారు.

షరతుల చట్రం ఎంత దూరం వెళ్లగలదో రంగుల వివాదం చూపించింది. వెల్‌నెస్ కేంద్రం పనిచేస్తున్నట్టు లెక్కలోకి రావాలంటే సిబ్బంది, మందులు, పరీక్షలతోపాటు నిర్దేశించిన రంగు, బోర్డు, బొమ్మలు కూడా ఉండాలి, వాటి ఫొటోలు పోర్టల్‌లోకి ఎక్కాలి. 2023 నవంబరులో ఆ కేంద్రాల పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చి, బోర్డు మార్పుకు ఒక్కో కేంద్రానికి 3,000 రూపాయల చొప్పున ఇస్తామన్నారు. పంజాబ్, కేరళ, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు పేరు కారణంగా తమ మిషన్ నిధులు ఆపేశారని బహిరంగంగానే ఆరోపించాయి. ఒప్పందం ఉల్లంఘించారన్నది కేంద్రం సమాధానం. తెలుగు రాష్ట్రాల్లో ఈ కేంద్రాలు విలేజ్ క్లినిక్ అనీ, పల్లె దవాఖానా అనీ రకరకాల పేర్లతో నడిచాయి కనుక ఆ వాదన మనకు దూరపు వార్త కాదు. రాష్ట్రాలు తమ నాయకుల పేర్లూ, పార్టీల పేర్లూ అతికించుకోవడం మెచ్చుకోదగ్గ పనేమీ కాదు. అయినా బీపీ మాత్రల వాయిదాకూ గోడ రంగుకూ ముడి వేయడాన్ని పర్యవేక్షణ అనడం కష్టం.

ఇప్పుడు తగవులో ఉన్న ఆర్థిక సంఘం గ్రాంట్లు ఈ నేపథ్యంలోకే వచ్చి పడ్డాయి. ఎన్.కె.సింగ్ అధ్యక్షతన ఆ సంఘం ఐదేళ్లకు సిఫార్సు చేసిన మొత్తం 70,051 కోట్లు. అందులో గ్రామీణ భాగం 43,928 కోట్లు, పట్టణ భాగం 26,123 కోట్లు. ప్రాథమిక స్థాయిలో రోగ నిర్ధారణ పరీక్షలకు, సొంత భవనం లేని కేంద్రాలకు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య యూనిట్లకు, వెల్‌నెస్ కేంద్రాలకు ఈ సొమ్మును పద్దులవారీగా విభజించారు. ఆరోగ్యం పని పంచాయతీల, మున్సిపాలిటీల చేతికి రావాలన్నది సంఘం ఉద్దేశం. ఆచరణలో మొదటి ఏడాదే ఆర్నెల్లు దాటాక, 2021 నవంబరులో, 19 రాష్ట్రాలకు 8,453.92 కోట్లు విడుదలయ్యాయి. ఏప్రిల్‌లో ఖర్చు మొదలుపెట్టాల్సిన డబ్బు నవంబరులో వస్తే మార్చి నాటికి మిగలక ఏం చేస్తుంది? మిగిలితే తర్వాతి వాయిదాకు అదే అడ్డు. అదే ఏడాది జులై నుంచి అమల్లోకి వచ్చిన సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతిలో ఒక్కో కేంద్ర ప్రాయోజిత పథకం డబ్బును రాష్ట్రంలో ఒకే ఖాతాలో ఉంచారు, కింది కార్యాలయాలకు ఖర్చు పరిమితి మాత్రమే కనిపించేది. రూపాయి ఏ క్షణాన ఎక్కడుందో ఢిల్లీకి తెలియడం నిజంగానే మేలు. ఉపకేంద్రం కిటికీ సంగతి సర్పంచ్‌కు తెలియడం మాత్రం తగ్గింది.

వినియోగ ధ్రువపత్రం చెప్పేది కూడా అంతే. మంజూరైన సొమ్ము మంజూరైన పనికే ఖర్చయిందని ఒక అధికారి సంతకం చేస్తాడు, ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల్లోగా పంపిస్తాడు. భవనం లేచిందా, పరికరం కొన్నారా అన్నది అందులో పడుతుంది. మాత్రలు మానకుండా వేసుకోవడం వల్ల ఒక మనిషికి రాకుండాపోయిన పక్షవాతానికి మాత్రం అందులో గడి లేదు. నివారణ పనికి ఇచ్చే గ్రాంటు అంకెల తగవులో మిగతావాటికంటే తేలిగ్గా చిక్కుకోవడానికి ఇదొక కారణం. అలాంటి ఫలితాన్ని తెలుసుకోవాలంటే అదే మనుషుల బీపీని ఏళ్ల తరబడి కొలిచి, నమోదు చేసినవారు కాక వేరేవారు నమూనాగా తనిఖీ చేయాలి. షరతుల చట్రం డబ్బును ముడివేసినంత గట్టిగా ఈ తనిఖీని ఎక్కడా ముడివేయలేదు.

ఆ ఉపకేంద్రంలో బయల్దేరబోతూ, అన్నీ ట్యాబ్‌లో ఉన్నప్పుడు ఈ రిజిస్టర్లు ఇంకా ఎందుకమ్మా అని ఏఎన్‌ఎంను అడిగితే, ఆమె పై రిజిస్టరు తెరిచి, గళ్లు స్కేలుతో గీసుకున్న పేజీ చూపించింది. ‘‘ఆడిట్‌కి వచ్చినాయన ట్యాబ్ ముట్టుకోడండీ, ఇదే అడుగుతాడు’’ అంది.