టెన్షన్ అన్నారు సరే, మరి దగ్గు?

గాభరా మనిషికి ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టరు కూడా, "టెన్షన్ తగ్గించుకో" అని సరిపెట్టేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కంగారులో మనం తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మోతాదు మించి బయటికి పోతుంది. మెదడు రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది, వేళ్ల చివర్లూ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఆక్సీమీటర్ 98 చూపిస్తున్నా గాలి చాలడం లేదనే అనిపిస్తుంది.

కానీ దగ్గు ఈ లెక్కకు అంత తేలిగ్గా లొంగదు. గాభరాతో పెరిగే దగ్గు ఒకటి ఉన్నమాట నిజమే. పొడిగా, మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నట్టు పగలంతా వేధిస్తుంది. నిద్ర పట్టాక సాధారణంగా ఆగిపోతుంది. అలా కాకుండా తెల్లవారుజామున దగ్గుతో మెలకువ వస్తుంటే ముందు ఉబ్బసాన్ని అనుమానించాలి. పిల్లికూతలు లేవు కదా అని ధీమా పడొద్దు, ఒట్టి దగ్గుతోనే బయటపడే ఉబ్బసం ఉంది. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష ఒకసారి మామూలుగా వచ్చినంత మాత్రాన అది లేదని కాదు. బాగున్న పూట ఊదితే ఫలితమూ బాగానే ఉంటుంది.

అసలు చిక్కు మందుల దగ్గర వస్తుంది. గుండెదడకీ చేతుల వణుకుకీ ప్రొప్రనలాల్ రాస్తుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇది శ్వాసనాళాలను బిగించేయగలదు. అంటే టెన్షన్‌కి వేసుకున్న మాత్రే ఆయాసం తెస్తుంది, ఆ ఆయాసం చూసి టెన్షన్ ఇంకా పెరుగుతుంది! రెండో వైపు నుంచీ ఇదే తంతు: ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ ఎక్కువైతే గుండె దడదడలాడి, చేతులు వణికి, అచ్చం గాభరాలాగే ఉంటుంది. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా రావచ్చు కాబట్టి మాత్ర మీదికి అనుమానం పోదు. అలాగని సొంతంగా మానేయకూడదు, డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి. అందుకే వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించడం మేలు.

పడుకోగానే దగ్గు, పుల్లటి త్రేన్పులు ఉంటే ఎసిడిటీ కావచ్చు. ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే కఫమూ మామూలు కారణమే. మెట్లెక్కితే ఆయాసం, దాంతోపాటు దడ ఉంటే రక్తహీనత, థైరాయిడ్ చూడాలి. పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకోవాల్సి వస్తే, పాదాలు వాస్తుంటే గుండెను పరీక్షించాలి. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో, మన కోస్తా జిల్లాలతో సహా, రాత్రి దగ్గుతో పాటు రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్ల కణాలు విపరీతంగా పెరిగే జబ్బు ఒకటుంది. దాన్ని ఉబ్బసమని పొరబడుతుంటారు. ఇక దగ్గు 2 వారాలు దాటితే, మనిషి ఎంత కంగారు స్వభావం కలవాడైనా, కళ్లె పరీక్ష చేయించాల్సిందే. మన దేశంలో క్షయను వదిలేసి మిగతావి వెతకడం నా దృష్టిలో తప్పు.

గాభరా, ఉబ్బసం రెండూ ఒకే మనిషికి ఉండటం అరుదేమీ కాదు. కాబట్టి గాభరా ఆయాసానికి కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా జోలికి పోవద్దు. ఆ ఆయాసానికి కారణం నిజంగా ఉబ్బసమో గుండెజబ్బో అయితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, నీలంగా మారిన పెదాలు, వీటిలో ఏది కనిపించినా టెన్షనా కాదా అని తేల్చుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.