ఏలినాటి శని అనగానే వణికిపోయేవాళ్ల కోసం

శనివారం పొద్దున్నే మా గుడిలో నవగ్రహాల దగ్గర నూనె గిన్నెలతో జనం బారులు తీరతారు. గోత్రం చెప్పి, గొంతు తగ్గించి అడిగే మాట చాలామందిది ఒకటే. "పంతులుగారూ, మావాడికి ఏలినాటి శని అంట. ఏమన్నా అయిపోతుందా?"

ఏమీ అయిపోదు. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. జన్మరాశికి ముందు రాశిలో (పన్నెండింట), జన్మరాశిలో, తర్వాతి రాశిలో (రెండింట) ఉండే కాలమంతా కలిపి ఏడున్నరేళ్లు, అదే ఏలినాటి శని. అంటే ఎప్పుడు చూసినా మూడు రాశులవాళ్లకు ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. 2025 మార్చి చివర్లో శని మీనంలోకి వచ్చాడు కాబట్టి ఇప్పుడు కుంభం, మీనం, మేషంవాళ్ల వంతు. ఆ రాశులవాళ్లే పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు నా దగ్గర ముహూర్తాలు పెట్టించుకుంటున్నారు.

పోయిన ఏడాది ఒకావిడ కూతురి నిశ్చితార్థం ఆపేద్దామనుకుని వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మడతల చీటీ తీసింది. శాంతికి 35 వేలని ఎవరో రాసిచ్చారు. చెమటకి సిరా పాకిపోయినా ఆ అంకె మాత్రం కనబడుతోంది. గాజులు తాకట్టు పెడతానంది. నాకు ఒళ్లు మండిపోయింది. "గుప్పెడు నల్లనువ్వులు, కాస్త నువ్వులనూనె చాలమ్మా. గాజులు చేతికే ఉంచుకో" అన్నాను.

అసలు ఆయన పేరు శనైశ్చరుడు, మెల్లగా నడిచేవాడు. సూర్యుడికీ ఛాయాదేవికీ పుట్టినవాడు, యముడికి అన్న. జ్యోతిషంలో శ్రమకు, సేవకులకు, ముసలితనానికి కారకుడు. నా మటుకు నేను ఆయన్ని ఓపిక నేర్పే దేవుడిగానే కొలుస్తాను. ఇంట్లో పెద్దవాళ్లకు వేళకింత అన్నం పెట్టండి, పనిమనిషి జీతం ఒకటో తారీఖునే చేతిలో పెట్టండి. అంతకు మించిన శనిపూజ నాకు తెలియదు.

ప్రదక్షిణలయ్యాక కాళ్లు కడుక్కోవాలా? అక్కర్లేదు. నీలం ఉంగరం? అప్పు చేసి మాత్రం కొనకండి. కోనసీమలోని మందపల్లి గుడికి వెళ్లాలనుంటే హాయిగా వెళ్లిరండి. అక్కడున్నది శనైశ్చరుడు ప్రతిష్ఠించిన శివలింగమని స్థలపురాణం. ఆయనే శివుణ్ణి కొలిచాడు, మనమూ అక్కడ శివుడికే తైలాభిషేకం చేస్తాం.

ఎదురుగా నిలబడితే శని దృష్టి తగులుతుందన్న భయం ఇంకొకటి. నేను ప్రతి శనివారం ఎదురుగా నిలబడే కదా అభిషేకం చేసేది! ఆ గాజుల ఆవిడ కూడా మరుసటి వారం కూతుర్ని తీసుకొచ్చి, పక్కగా నక్కి నిలబడింది. ఇద్దర్నీ ముందుకు రమ్మన్నాను. పిల్ల తన చేత్తోనే స్వామి తలమీద నూనె పోసింది. నల్లరాతి మీదుగా ధార పాదాలదాకా జారుతుంటే, ఆవిడ మొదటిసారి తలెత్తి స్వామి ముఖం చూసింది.