కాలు వాచింది నాయనమ్మకు, గోలీలు మా అందరికీ ఎందుకు?

మా నాయనమ్మ ఎడమ కాలికి బోదకాలు. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు వాడకు ఒకరిద్దరైనా అట్లాంటి కాలుతో కనిపించేవాళ్లు, దాన్ని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు కూడా. ఏడాదికోసారి ఆశా అక్క, ఏఎన్ఎం మేడమ్ కలిసి గోలీల డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. నాయనమ్మ ప్రతిసారీ ఒకే మాట అడిగేది: "కాలు వాచింది నాకైతే గోలీలు పిల్లలకెందుకు బిడ్డా?" ఆశా అక్క "అందరూ మింగాల్నట పెద్దమ్మా, పై నుంచి చెప్పిండ్రు" అని నవ్వి, చేతిలో పెట్టి, పక్కింటికి పోయేది. గోలీలు గూట్లోనే ఉండిపోయేవి. నెలకో రెణ్నెల్లకో గూడు సర్దేటప్పుడు అమ్మ తీసి పారేసేది.

నాయనమ్మ అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు ఉంది, అది దొరకడానికి నూటయాభై ఏళ్లు పట్టింది, ఆ జవాబులో ఒక ముఖ్యమైన ముక్క మన నారాయణపేట సరిహద్దు దాటగానే కర్ణాటకలో వచ్చే గుర్మిట్కల్‌లో తేలింది. ఇదేదీ మా ఇంటి గడపలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ గోలీలు గూట్లో ఉండేవి కావని నా గట్టి నమ్మకం, అందుకే రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. శ్లీపదం పేరుతో సుశ్రుత సంహితలోనే దీని ప్రస్తావన ఉంది. అంత పాత జబ్బు. కానీ కారణం మాత్రం పంతొమ్మిదో శతాబ్దం దాకా తెలియలేదు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టర్ మనిషి రక్తంలో కదులుతున్న సన్నటి పురుగు పిల్లల్ని చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. ఆ మరుసటేడు చైనా తీరంలో అమాయ్ అనే ఊళ్లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఒంట్లో ఈ పురుగులున్న మనిషిని రాత్రిపూట దోమలకు కుట్టించి, ఆ దోమల్ని కోసి చూస్తే పురుగు పిల్లలు దోమ పొట్టలో పెరుగుతూ కనిపించాయి. జబ్బుకు దోమ వాహకం అని మొదటిసారి తెలిసింది అప్పుడే. ఆ మాన్సన్ పట్టుబట్టి వెంటపడబట్టే రొనాల్డ్ రాస్ మలేరియా కోసం దోమల్ని కోయడం మొదలుపెట్టాడు, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు.

అంత చూసిన మాన్సన్ కూడా ఒక తప్పు చేశాడు. కుట్టిన దోమ కొన్ని రోజులకే నీళ్లలో పడి చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగిన మనిషికి పురుగు వస్తుందని నమ్మాడు. 1900లో జార్జ్ లో అనే ఆయన దోమ తొండంలోనే పురుగుల్ని చూపించాకే, నీళ్లతో కాదు కాటుతోనే వస్తుందని ఖాయమైంది.

ఇది ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, మా ఊళ్లో ఇప్పటికీ చాలామంది బోదకాలు నీళ్ల వల్లే వస్తుందంటారు. వాళ్లను తప్పుపట్టలేం. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లం, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లను కళ్లారా చూసినవాళ్లం, కాలికి ఏమైనా అయిందంటే ముందు నీళ్లే గుర్తొస్తాయి. కానీ ఫ్లోరైడ్ ఎముకల్ని, పళ్లను పట్టుకుంటుంది, బోదకాలు పురుగు శోషరస నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. రెండూ వేరు. ఈ పురుగును మోసే క్యూలెక్స్ దోమ మాత్రం నీళ్లలోనే పుడుతుంది, అది తాగే నీళ్లు కాదు, మన మోరీలో, సెప్టిక్ ట్యాంకులో నిలిచిన మురికి నీళ్లు. మూసీ వెంబడి ఊళ్లవాళ్లకు ఈ దోమ గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక నాయనమ్మ ప్రశ్నకు జవాబు. పెద్ద పురుగులు ఏళ్ల తరబడి ఒంట్లో బతికి లక్షల కొద్దీ పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు పగలు లోతైన రక్తనాళాల్లో ఉండి, అర్ధరాత్రి దోమ కుట్టే వేళకు చర్మం కిందికి వస్తాయి, అందుకే పాత రోజుల్లో రక్తం తీసేవాళ్లు రాత్రిపూటే ఊళ్లోకి వచ్చేవాళ్లు. అసలు సంగతేమిటంటే, ఇట్లా రక్తంలో పురుగు పిల్లలు తిరుగుతున్నవాళ్లలో ఎక్కువమందికి పైకి ఏమీ ఉండదు. కాలు వాయదు, జ్వరం రాదు, పొలం పనికి పోతారు, బడికి పోతారు. కాలు బాగా వాచిన మనిషి రక్తంలో చాలాసార్లు పురుగు పిల్లలు దొరకనే దొరకవు. అంటే దోమకు పురుగు అందుతున్నది మా నాయనమ్మ నుంచి కాదు, ఆరోగ్యంగా కనిపించే మా నాన్న నుంచో నా నుంచో కావచ్చు. గోలీ కాలు వాపు తగ్గించడానికి ఇచ్చేది కాదు, ఊరి రక్తం శుభ్రం చేయడానికి ఇచ్చేది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ గోలీ పేరు డీఈసీ. 1947లో దీని సంగతి బయటపడింది, ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలోని పురుగు పిల్లలు చకచకా మాయమయ్యాయి. మన దేశం 1955లో జాతీయ ఫైలేరియా (బోదకాలు) నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి దీన్ని జనానికి ఇచ్చింది. అప్పటి పద్ధతి వరుసగా కొన్ని రోజులు మింగే కోర్సు. పురుగు పిల్లలు చచ్చేటప్పుడు ఒంట్లో జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి, ఆ సంగతి ముందు చెప్పకపోతే "మందు పడలేదు" అని జనం ఆపేస్తారు. అట్లాగే ఆపేశారు. బాగున్న మనిషి మందు మింగి రెండు రోజులు మంచం పట్టాడంటే పక్కింటివాడు మింగుతాడా? ప్రభుత్వం ఊరందరికీ మందు పంచడం మానుకుని దోమ లార్వాల మీద నూనె చల్లే పనికి, రాత్రి రక్త పరీక్షలో దొరికినవాళ్లకు మాత్రమే మందు ఇచ్చే పనికి దిగింది. దశాబ్దాలు అట్లా గడిచాయి.

మలుపు వచ్చింది ట్రయల్స్ వల్ల. 80లు, 90లలో ఫ్రెంచి పాలినేసియాలో, మన దేశంలో జరిపిన పరీక్షల్లో తేలిందేమిటంటే రోగులకు ఇచ్చే పన్నెండు రోజుల కోర్సు అవసరమే లేదు, ఏడాదికి ఒక్క మోతాదు ఇచ్చినా రక్తంలో పురుగు పిల్లలు దీర్ఘకాలం దాదాపు అంతే తగ్గుతాయి. వినడానికి చిన్న విషయమే, కానీ ఊరంతటికీ పన్నెండు రోజులు మందు మింగించడం ఎవరి వల్లా కాదు, ఒక్కరోజు మింగించడం అవుతుంది. ఈ బలంతోనే 1997లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బును తుడిచిపెట్టాలని తీర్మానం చేసింది. మన దేశంలో 2004 నుంచి ఏటా సామూహిక మందుల పంపిణీ మొదలైంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో నల్లగొండ కూడా అందులో ఉంది. 2007 నుంచి డీఈసీకి ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మందు తోడైంది.

లెక్క ప్రకారం పెద్ద పురుగు పిల్లల్ని పెట్టే ఐదారేళ్లూ ఊళ్లో కనీసం నూటికి 65 మంది ఏటా మింగితే చాలు, పురుగు తన సంతానాన్ని దోమకు అందించలేక అక్కడితో ఆగిపోతుంది. కాగితం మీద పంచిన లెక్క చాలా ఊళ్లలో 65 దాటేది. మింగినవాళ్ల లెక్క వేరు. మా ఇంట్లోనే ఏడుగురికి ఇచ్చినట్టు రాసుకుపోయేవాళ్లు, మింగింది ఒక్క మా తమ్ముడు, వాడు తియ్యగా ఉంటుందనుకుని. మా ఒక్క ఇల్లే కాదు, దేశమంతా ఇదే పెద్ద అడ్డంకి అయింది. ఐదారేళ్లు అనుకున్నది చాలా జిల్లాల్లో పది, పదిహేనేళ్లు సాగింది.

మూడో మందు కథ ఇక్కడ మొదలవుతుంది. ఐవర్‌మెక్టిన్. పాలమూరు గొల్ల కురుమలకు ఈ పేరు కొత్త కాదు, గొర్లకు నట్టల మందుగా ఇది ఎప్పటినుంచో తెలుసు. జపాన్‌లో సతోషి ఒమురా మట్టిలో పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి, మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దీన్ని తయారుచేసింది, ఇద్దరికీ 2015లో నోబెల్ వచ్చింది. ముందు పశువులకు వాడి, 1987 నుంచి ఆఫ్రికాలో కళ్లు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కు మనుషులకు ఉచితంగా ఇస్తున్నారు. ఆ జబ్బున్న చోట డీఈసీ ఇస్తే కళ్లకు ప్రమాదం, అందుకని ఆఫ్రికాలో ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ జత, మన దగ్గర డీఈసీ, ఆల్బెండజోల్ జత. మూడూ కలిపి చూడాలన్న ఆలోచన చాలా ఏళ్లు పక్కనే ఉండిపోయింది.

పాపువా న్యూగినీలో 182 మంది మీద జరిపిన ట్రయల్ ఫలితం 2018లో వచ్చింది. మన దగ్గర ఇచ్చే రెండు మందులు ఒక్కసారి మింగినవాళ్లలో ఏడాది తర్వాత నూటికి 32 మంది రక్తమే శుభ్రంగా ఉంది. మూడు మందులు ఒక్కసారి మింగినవాళ్లలో 96 మంది. ఆ ఒక్క మోతాదు పనితనం మూడేళ్లకు కూడా నిలిచింది, రెండు మందులు ఏడాదికోసారి చొప్పున మూడేళ్లు మింగినవాళ్లతో సమానంగా. మనలాంటి దేశానికి ఇదెంత పెద్ద వార్తో చెప్పలేను.

కానీ 182 మందిలో బాగుందని కోట్ల మందికి ఇవ్వలేం కదా. అందుకని భారత్, ఇండొనేసియా, హైతీ, ఫిజీ, పాపువా న్యూగినీ ఐదు దేశాల్లో 26,836 మందిని తీసుకుని, మందు మింగాక ఇంటింటికీ తిరిగి ఎవరికేమైందో చూశారు. మన దేశంలో ఆ చోటు కర్ణాటకలోని యాద్గిర్ జిల్లా గుర్మిట్కల్ ప్రాంతం, చేసింది పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం వాళ్లు. నారాయణపేట నుంచి పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరం, తెలుగు కూడా మాట్లాడే ఊళ్లు. వచ్చిన ఇబ్బందులు దాదాపు అన్నీ జ్వరం, తలనొప్పి, నీరసం లాంటి తేలికవే, అవీ ఎక్కువగా రక్తంలో పురుగులున్నవాళ్లకే వచ్చాయి. రాత్రివేళ లేచి వేలు చాపి రక్తమిచ్చిన ఆ ఊళ్లవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు, కానీ 2018 చివర్లో బిహార్‌లోని అర్వల్‌తో మొదలై మన దేశంలో మూడు మందుల పద్ధతి వచ్చిందంటే వాళ్ల చెయ్యి కూడా అందులో ఉంది.

ట్రయల్ అనగానే మన దగ్గర చాలామందికి ఖమ్మం గుర్తొస్తుంది, గుర్తుకు రావాలి కూడా. 2009లో భద్రాచలం వైపు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది, కానీ 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, అడగకుండా వేయడం మంచిది కాదు. మా ఇంటి గడపలో "పై నుంచి చెప్పిండ్రు" అన్న మాట దగ్గర కూడా నాకు అదే బాధ.

మరి కాలు వాచినవాళ్ల సంగతి? చాలాకాలం వాళ్లకు చెప్పిందేమీ లేదు. బ్రెజిల్‌లోని రెసిఫె ఊళ్లో జెరూసా డ్రెయర్ అనే డాక్టర్ తన రోగుల్ని జాగ్రత్తగా గమనించి, మాటిమాటికీ వచ్చే చలిజ్వరం, కాలి మంట పురుగు వల్ల కాదని, వేళ్ల సందుల్లో పగుళ్ల గుండా దూరే మామూలు బ్యాక్టీరియా వల్ల అని చూపించింది. ప్రతి జ్వరంతో కాలు ఇంకొంచెం లావవుతుంది. కాబట్టి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, పుండుంటే మలాం రాసి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెడితే జ్వరాలు తగ్గుతాయి, వాపు పెరగడం ఆగుతుంది. నాయనమ్మకు ఈ పద్ధతి ఆమె చివరి నాలుగేళ్లలో అందింది. తొట్టి, మగ్గు, సబ్బు, తువాలు. అమ్మ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి కాలు కడిగేది. అంతకుముందు వానాకాలం వస్తే రెండు మూడుసార్లు వణుకుతూ పడుకునేది, ఆ నాలుగేళ్లలో ఒక్కసారే జ్వరం వచ్చింది. 2018 నుంచి తెలంగాణలో బోదకాలు ఉన్నవాళ్లకు పెన్షన్ కూడా వస్తోంది, అది అవసరమే, కానీ నాకు తెలిసిన చాలామంది పెన్షన్ తీసుకుంటున్నారు, వేళ్ల సందులు తుడుచుకోవాలని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు గోలీలు పంచేవాళ్లకు ఇచ్చే సూచన ఒకటే, కళ్లముందే మింగించాలి. అన్నం తిన్నాకే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడి ఉన్నవాళ్లకు ఇవ్వరు, మూడో మందు ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. మింగిన రాత్రి జ్వరమో తలతిరుగుడో వస్తే భయపడొద్దు, చాలావరకు అది ఒంట్లో పురుగులు చస్తున్న గుర్తు, ఎక్కువైతే ఏఎన్ఎంకు ఫోన్ చేయాలి. మన దేశం 2027 కల్లా ఈ జబ్బును నిర్మూలించాలని పెట్టుకుంది. శ్రీలంక, మాల్దీవులు, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్ అప్పుడే ఆ పని చేసేశాయి.

ఊరు గెలిచిందో లేదో చూసేది పెద్దవాళ్లను పరీక్షించి మాత్రమే కాదు. ఆరేడేళ్ల పిల్లల్నీ చూస్తారు. మందులు పంచడం మొదలయ్యాక పుట్టిన పిల్లల రక్తంలో పురుగు జాడ ఉందంటే ఊళ్లో దోమలు ఇంకా మోస్తున్నట్టే, పెద్దవాళ్లు మింగలేదన్నట్టే. మా తమ్ముడి కొడుక్కి బళ్లో ఈ పరీక్ష చేశారు. వేలి కొస నుంచి ఒక చుక్క తీసి సన్నటి పట్టీ మీద వేశారు, పది నిమిషాలు ఆగాలన్నారు. రెండు గీతలొస్తే ఉన్నట్టు, ఒక్కటొస్తే లేనట్టు. వాడు ఏడుపు ఆపి ఆ పట్టీ వంకే చూస్తూ కూర్చున్నాడు, నేనూ చూశాను. ఒక్క గీతే వచ్చింది.