పొరుగు కథ తెలుగు గొంతులోకి వచ్చిన దారి

కొరియాలో తీసిన సిరీస్‌ను తెలుగు మాటలతో చూడడం ఇప్పుడు హైదరాబాద్ ఇళ్లలో మామూలు విషయం. రిమోటుతో భాష మార్చుకుంటే చాలు. ఆ సౌకర్యం వెనుక ఈ నగరంలో ఏళ్ల తరబడి తెగని తగువు ఒకటి ఉంది. బయటి కార్యక్రమాలకు తెలుగు గొంతు ఇస్తూ పోతే ఇక్కడి నటులకు, కెమెరామన్‌లకు, లైట్‌మన్‌లకు పని ఎక్కడిదని ఒక వర్గం అడుగుతుంది. ఇవ్వకపోతే తెలుగు ఒక్కటే వచ్చిన ప్రేక్షకుడికి ప్రపంచాన్ని ఎవరు చూపిస్తారని మరో వర్గం అడుగుతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అవి ఎదురెదురుగా ఎలా నిలిచాయో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1975 ఆగస్టు 1న, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపే ‘సైట్’ ప్రయోగం మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన దేశానికి అప్పు ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో ఇనుప వల అల్లిన గొడుగుల్లాంటి యాంటెన్నాలు లేచాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు. వాటిని తయారుచేసిన మూడు కేంద్రాల్లో ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్ ఉంది. ఎక్కడి పల్లెకు అక్కడి భాషలో చెప్పాలన్న ఆలోచన వల్ల తెలుగు పల్లెలకు తెలుగు వెళ్లింది. ఉపగ్రహం పరాయిది, మాట మనది. బుల్లితెర చరిత్రలో తెలుగుకు ఇంత గౌరవంగా జరిగిన ఆరంభాన్ని మనం తగినంతగా గుర్తు చేసుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982 ఆగస్టు 15 నుంచి జాతీయ కార్యక్రమం మొదలయ్యాక రాత్రి ప్రధాన సమయం హిందీ, ఇంగ్లీషుల చేతికి పోయింది. ప్రపంచం మన ఇంటికి వచ్చింది, కానీ దారి మధ్యలో భాష మారింది. ‘హమ్ లోగ్’ అనే హిందీ సీరియల్ సంగతే చూడండి. 1969లో పెరూ దేశంలో ఒక సీరియల్ వచ్చింది. పల్లె నుంచి నగరానికి వచ్చి, కుట్టుపని నేర్చుకుని పైకి ఎదిగిన ఒక పనిమనిషి కథ అది. దాన్ని చూసి ఎందరో స్త్రీలు కుట్టు తరగతుల్లో చేరారు. మెక్సికోకు చెందిన టీవీ నిర్మాత మిగేల్ సబీదో దాన్ని గమనించి, వయోజన విద్య కోసం 1975లో ఇంకో సీరియల్ తీయించాడు. ఆ పద్ధతి మన ప్రభుత్వం దృష్టికి వచ్చి, 1984 జూలైలో కుటుంబ నియంత్రణ సందేశంతో ‘హమ్ లోగ్’ మొదలైంది. పెరూ రాజధాని లిమాలో పుట్టిన ఒక ఆలోచన అలా మన రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం దాకా వచ్చింది, హిందీలో. ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన హైదరాబాదీలకు అది ఇబ్బంది కాలేదు. కోస్తా పల్లెల్లో మాత్రం హిందీ వచ్చినవారు పక్కన కూర్చుని చెబితేనే కథ అర్థమయ్యేది.

1993లో దూరదర్శన్‌లో వచ్చిన మౌగ్లీ కార్టూన్ ప్రయాణం ఇంకా విచిత్రం. మన మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవుల కథ ఇంగ్లీషులో పుట్టి, జపాన్‌లో బొమ్మలుగా మారి, హిందీ పాటతో తిరిగి వచ్చింది. తెలుగు పిల్లలు మాట తెలియకుండానే ఆ పాటను నోటికి పట్టారు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక తెలుగు ప్రధాన సమయం తెలుగుకు తిరిగి దక్కింది. రోజువారీ సీరియళ్లతో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ప్రాంతాల్లో వేల కుటుంబాలకు పని దొరికింది. పోటీ కార్యక్రమాల చట్రాలు కూడా సముద్రాలు దాటి వచ్చాయి. 1998లో బ్రిటన్‌లో మొదలైన కోటీశ్వరుడి ఆట 2014లో మా టీవీలోకి, 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ 2017లో ‘బిగ్ బాస్’గా తెలుగులోకి వచ్చాయి. వీటిపై పెద్ద తగువు లేదు. చట్రం పరాయిదైనా సెట్టు వేయడానికి, లైట్లు పట్టడానికి, మాట్లాడడానికి మనవాళ్లకు పని ఉంటుంది కాబట్టి.

తగువంతా డబ్బింగ్ దగ్గరే. హిందీ సీరియల్ ‘బాలికా వధు’ మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా ఇంటింటికీ చేరింది. డబ్బింగ్ సీరియల్‌కు సెట్టు అక్కర్లేదు, దుస్తులు అక్కర్లేదు. కొద్దిమంది గొంతులు, ఒక రికార్డింగ్ గది చాలు. చానళ్లకు చవక, సీరియల్ మీద బతికేవారికి పొయ్యి ఆరిపోతుందన్న భయం. ఆ దశలోనే హైదరాబాద్‌లో టీవీ కళాకారులు, సాంకేతిక నిపుణులు డబ్బింగ్ సీరియళ్లు ఆపాలని ఆందోళనకు దిగారు. బెంగాల్‌లోనూ అదే జరిగింది. బెంగాలీలోకి డబ్ చేసిన ‘మహాభారత్’ ప్రసారాన్ని అక్కడి సంఘాలు అడ్డుకోగా, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 మార్చి 7న కోర్టు అలాంటి అడ్డగింత పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది.

చట్టం అక్కడ ఆగింది, అనువాద నాణ్యత ప్రశ్న మిగిలింది. నా దృష్టిలో అసలు విషయం ఇదే. కొరియన్ సిరీస్ ‘స్క్విడ్ గేమ్’లో అలీ అనే పాకిస్తానీ కూలీ తోటి ఆటగాడిని మొదట యజమానిని పిలిచినట్టు పిలుస్తాడు. నన్ను ‘హ్యోంగ్’ అని పిలువు అంటాడు ఆ ఆటగాడు. అంటే అన్న. తర్వాత జరిగే మోసమంతా ఆ పిలుపు మీదే నిలబడింది. ఇంగ్లీషు అనువాదంలో ఆ పిలుపు స్థానంలో పేరు వచ్చింది. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవారి చేతికి అందేది ఆ పేరే. మన భాషలో అన్న అనే మాట సిద్ధంగా ఉండగా, దారిలో అది జారిపోతుంది. నువ్వు, మీరు విషయమూ అంతే. కొరియన్‌లో మర్యాద స్థాయులు క్రియలోనే ఉంటాయి. ఇంగ్లీషులో అన్నింటికీ ఒకటే మాట. భార్య భర్తను ఎలా పిలవాలో మన అనువాదకుడు ఊహించి రాసుకోవాలి. ‘ఒప్పా’ అనే మాట సొంత అన్నకూ, ప్రేమించిన వాడికీ వాడతారు. తెలుగులో దాన్ని గుడ్డిగా అన్నయ్య చేస్తే ప్రేమకథ పాడవుతుంది. ఒక్కోచోట బావ అనే మాట ఎంత చక్కగా ఒదుగుతుందో మూలం విన్నవారికే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఆ మూలం వినగలవారు ఉన్నారు. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రానికి కొద్ది దూరంలోనే, తార్నాకలోని ఇఫ్లూలో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్, జపనీస్, కొరియన్ నేర్పుతున్నారు. అక్కడ చదివినవారిని కృష్ణానగర్ డబ్బింగ్ గదుల్లో రచయిత పక్కన కూర్చోబెట్టి, అందుకు తగిన డబ్బు, సమయం ఇవ్వాలని చానళ్లనూ ఓటీటీ సంస్థలనూ కళాకారుల సంఘాలే అడగాలి.