ఉద్దానంలో 60 వేల యూనిట్ల ప్యాకెట్: వెనకున్న చరిత్ర

కరోనా రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో జింక్, విటమిన్ సి బిళ్లలతో పాటు ఇళ్లలోకి చేరిన మందు 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్. వైరల్ జ్వరం వస్తే పాలలో కలుపుకుని తాగే అలవాటు ఇంకా పోలేదు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలాల్లో ఊరూరా కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

డి విటమిన్‌కీ అంటురోగాలకీ ముడి పాతదే. 19వ శతాబ్దంలోనే క్షయ రోగులకు కాడ్ చేప కాలేయపు నూనె పట్టేవారు. 1922లో అమెరికా శాస్త్రవేత్త మెకాలం బృందం రికెట్స్‌ను (పిల్లల ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) నయం చేసే పదార్థాన్ని వేరుగా గుర్తించాక అది ఎముకల విటమిన్‌గా స్థిరపడింది. 2006లో మళ్లీ మలుపు తిరిగింది. క్షయ క్రిమి ఆనవాలు తగలగానే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు రక్తంలోని డి విటమిన్‌ను తమలోనే చురుకైన రూపానికి మార్చుకుని, కాథెలిసిడిన్ అనే క్రిమిసంహారక పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) తయారు చేస్తాయని ఆ ఏడాది తేలింది. ప్రయోగశాలలో ఆ పెప్టైడ్ ఫ్లూ వంటి వైరస్‌లనూ దెబ్బతీసింది. ఆశంతా అక్కడే మొదలైంది.

2010లో జపాన్ బడిపిల్లలకు రోజుకు 1,200 యూనిట్లు ఇస్తే ఇన్‌ఫ్లుయెంజా-ఎ రకం ఫ్లూ 10.8 శాతం మందికే వచ్చింది, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవారిలో 18.6 శాతానికి వచ్చింది. 2017లో ఇలా మనుషులపై చేసిన 25 పరీక్షలను కలిపి చూస్తే, రోజూ లేదా వారానికోసారి కొద్దికొద్దిగా తీసుకున్నవారికే శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. రక్తంలో డి విటమిన్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కన్నా తక్కువున్నవారికి మేలు ఎక్కువ. ఒకేసారి పెద్ద మోతాదు మింగినవారికి ఏమీ లేదు. మోతాదు ఒక్కసారిగా పెరిగితే డి విటమిన్‌ను విరిచేసే ఎంజైమ్ కూడా పెరగడం దీనికి కారణం కావచ్చంటారు. బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఒకేసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చినా ఇంటికెళ్లే రోజు ముందుకు జరగలేదు. 2025లో కొత్త పరీక్షలు కూడా చేర్చి లెక్కిస్తే, మొదట కనిపించిన మేలు దాదాపు కరిగిపోయింది. లోపం ఉంటే పూడ్చుకోవాల్సిందే, అయితే అది ఎముకల కోసం. జ్వరం వచ్చాక తాగే ప్యాకెట్ వైరస్‌ను ఆపదు.

వాడకానికి ముందు రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి (ఒంట్లో డి నిల్వ ఎంతో చెప్పేది), కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) మూడూ పరీక్ష చేయించుకోవాలి. డి విటమిన్ 20 నానోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా వారానికో ప్యాకెట్, 8 వారాలు. నూనె, వెన్న ఉన్న భోజనంతో అయితే బాగా ఒంటబడుతుంది. ఆ తర్వాత రోజుకు 600 యూనిట్లకు అటూ ఇటూగా సరిపోతుంది. తప్పు జరిగేది ఎక్కువగా ఒక్కచోటే: వారం మందును రోజూ తాగేయడం. నెలల తరబడి అలా తాగితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు మొదలవుతాయి, క్రియాటినిన్ ఎగబాకుతుంది. డి విటమిన్ కొవ్వులో నిలవుంటుంది కాబట్టి మందు మానేసినా కాల్షియం దిగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

కిడ్నీ రోగుల్లో కొందరికి డాక్టర్లు 0.25 మైక్రోగ్రాముల కాల్సిట్రియాల్ గొట్టాలు (క్యాప్సూల్స్) రాస్తారు. కిడ్నీ చెయ్యలేని చివరి మార్పు దాటేసిన డి విటమిన్ అది. దానికి తోడు ఇంట్లో ఎవరికో రాసిన ప్యాకెట్ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకే డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు వాడుతున్న ప్యాకెట్లు, గొట్టాలు అన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించాలి.